షటిల్ ఆడేవాళ్లకు ప్రశ్న: మడమ నొప్పి, నల్లబడిన గోరు, వేళ్ల మధ్య మంట. షూ మార్చాలా, ఆట తగ్గించాలా?

లెక్కల టీచర్, రాజమండ్రి

అందరికీ నమస్కారమండి. నాకు 44 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పొద్దున్నే అయిదున్నరకి మా కాలనీ దగ్గరున్న ఇండోర్ కోర్టులో డబుల్స్ ఆడతాం. ఆడవాళ్లం నలుగురైదుగురం ఉంటాం, ఒకరు తక్కువైతే మగవాళ్ల బ్యాచ్‌లోంచి ఎవరో ఒకరు వచ్చి కలుస్తారు. కింద సిమెంటు, దాని మీద పచ్చ మ్యాటు. చెక్క లేదు. నాది కుడిచేతి వాటం.

బాధ ఒకటి కాదండి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే కుడి మడమ కింద పొడుచుకుంటుంది. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది, ఆడుతున్నంతసేపూ గుర్తే ఉండదు, మళ్లీ బడిలో మూడో పీరియడ్‌కి మొదలు. రెండోది, కుడి బొటనవేలి గోరు నల్లబడింది. మూడోది, ఆట చివరికొచ్చేసరికి చిటికెన వేలి పక్కనున్న వేళ్ల మధ్య మంట. షూ విప్పి కాసేపు వేళ్లు ఆడిస్తే గానీ తగ్గదు.

ఎక్స్‌రే తీశారు. మడమలో ఎముక పెరిగిందన్నారు. బిళ్లలిచ్చి, మెత్తని చెప్పులు వాడమని, ఆట తగ్గించమని చెప్పారు. మొదటి రెండూ సరే. ఆ మూడోదే నాకు మింగుడు పడటం లేదు. రోజు మొత్తంలో నా కోసం నేను చేసుకునే పని ఆ గంటేనండి.

షూ సంగతి కూడా చెప్పాలి. నా పాదం ముందు భాగం వెడల్పు. 6 నంబరు వేస్తే పక్కలు నొక్కేస్తాయి. షాపతను 'ఒక సైజు పెంచుకోండి మేడం, వదులవుద్ది' అని 7 ఇచ్చాడు. ఆడవాళ్ల షటిల్ షూ ఉన్నాయా అంటే 'ఇక్కడ కదలవండి, తెప్పించం' అన్నాడు. 7లో పక్కలు కాస్త నయం.

మా బ్యాచ్‌లో ఒకావిడ పన్నెండు వేల షూ కొనేయమంటోంది. ఇంకొకాయన రన్నింగ్ షూ అయితే మెత్తగా ఉంటుంది, దాంతోనే ఆడేయమంటాడు. పన్నెండు వేలు పెడితే నొప్పి పోతుందంటే పెడతాను. కానీ పోతుందా?

బ్యాక్‌కోర్ట్ బాబాయ్, గుంటూరు

అమ్మాయ్, ఈ నంబర్లూ కుషన్లూ అన్నీ ఇప్పుడొచ్చిన వేషాలు. మేం బాల్ బ్యాడ్మింటన్ ఆడిన రోజుల్లో మట్టి కోర్టు, ఉన్ని బంతి, జట్టుకి అయిదుగురు. కాళ్లకి తెల్ల కాన్వాసు బూట్లు, అవి లేనివాడు వట్టి కాళ్లతోనే దిగేవాడు. మడమ నొప్పి అన్నవాడు ఒక్కడూ లేడు. రాత్రి పూట గోరువెచ్చని నీళ్లలో కల్లుప్పు వేసి పాదాలు పెట్టుకో. పన్నెండు వేలకి బంగారం కొనుక్కో.

స్మాష్ కన్నా సర్వీస్ మిన్న, మాదాపూర్

బాబాయ్ గారూ, ఇప్పుడు పన్నెండు వేలకి బంగారం ఏ మాత్రం వస్తుందో ఒకసారి ధర చూడండి!

టీచర్ గారూ, రన్నింగ్ షూతో మాత్రం కోర్టులోకి దిగకండి. మా ఆఫీసు టోర్నమెంటులో ఒకతను పక్కకి దూకితే చీలమండ మడతపడింది, నెలన్నర కర్రతో తిరిగాడు. మడమకి ఆన్‌లైన్‌లో జెల్ ప్యాడ్లు దొరుకుతాయి, ప్రయత్నించండి.

గట్టింగ్ అన్న, హన్మకొండ

మేడం నమస్తే. నేను స్పోర్ట్స్ షాపుల రాకెట్లకు గట్టింగ్ చేస్త, అంటె తీగలు అల్లుత. షూ కౌంటర్ పిల్లగాడు రాని రోజు ఆ పని గూడ నాదే. డాక్టర్‌ని కాదు. మడమ సంగతి తెలిసినోళ్లు చెప్తరు, షూ సంగతి నేను చెప్త.

మీకు కావల్సింది పెద్ద షూ కాదు, వెడల్పు షూ. ఈ రెండూ వేరే వేరే. షాపుల వెడల్పు మోడల్ స్టాక్ ఉండది, వచ్చిన గిరాకీ పోవద్దు, అందుకని ఒక నంబర్ పెంచి ఇస్తరు. కౌంటర్ కాడ నిలబడ్డప్పుడు హాయిగనే ఉంటది. కోర్టుల ఏమైతది? మీది కుడిచెయ్యి. నెట్ కాడ డ్రాప్ (నెట్ దాటంగనే పడే షాట్) ఎత్తాలంటె కుడికాలే ముందుకు సాగుతది, మడమ మీద పడ్తది, టక్కున ఆగుతది. షూ ఆగుతది గని లోపల పాదం ఆగది. ముందుకు జారి బొటనవేలు పోయి గుద్దుకుంటది. పొద్దున గంట ఆటల నెట్ కాడికి ఎన్నిసార్లు ఉరుకుతరో లెక్క మీరే ఎయ్యుండ్రి. షూ చిన్నగైతె గోరు నల్లగైతదని అందరికీ తెలుసు. పెద్దగైనా అయితదని చానామందికి తెల్వది.

ఇంకోటి ఉన్నది. షూ వంగాల్సిన జాగ ఒకటుంటది, వేళ్ల మొదట్ల. నంబర్ పెరిగితె ఆ జాగ గూడ ముందుకు జరుగుతది. మీ పాదం ఒక కాడ వంగుతది, షూ ఇంకో కాడ వంగుతది. ఇద్దరి కొట్లాటల అరికాలు నలుగుతది. డబ్బాల గోళీ లెక్క పాదం లోపల ఆడుతుంటె వేళ్లు ఊకె ముడుచుకొని షూను పట్టుకోవాలని చూస్తయి, మీకు తెల్వకుండనే.

షాపుకు వచ్చినోళ్ల పాత షూ తిప్పి చూసుడు నాకు అలవాటు. కుడిచేతోళ్ల ఎడమ షూ బొటనవేలి లోపలి పక్క అరిగి ఉంటది, కాలు చాపినప్పుడు వెనక కాలు ఈడుస్తరు గద, అది. కుడి షూ మడమ కాడ అరుగుతది. అంటె రెండు కాళ్లు చేసే పని ఒకటి కాదు. మీ నొప్పులన్నీ కుడికాలుకే ఎందుకున్నయో అర్థమైతుందా? షూ లోపలి అట్ట బయటకు తీసి ఎండల పెట్టి చూడుండ్రి, వేళ్ల గుంతలు కనబడ్తయి. బొటనవేలిది ఒక్క గుండ్రటి గుంత ఉండాలె. పొడుగ్గ సాగి అట్ట చివరదాక పోతె పాదం జారుతున్నట్టే.

కొలత ఎట్ల తీస్కోవాలంటె, సాయంత్రం పూట, ఆడేటప్పుడు ఏస్కునే సాక్సులే ఏస్కొని, కాగితం గోడకు ఆనిచ్చి దాని మీద నిలబడాలె. మడమ గోడకు తాకాలె. కూసోని తీస్తె లాభం లేదు, బరువు పడితెనే పాదం సాగుతది. పెన్సిల్ నిలువుగ పట్టాలె. గోడ కాడికెళ్లి పొడుగు వేలు దాక మిల్లీమీటర్లల్ల. కొందరికి రెండో వేలే పొడుగుంటది, చూస్కోండ్రి. వెడల్పు అంటె బొటనవేలి మొదటి బొడిపె కాడికెళ్లి చిటికెన వేలి మొదటి బొడిపె దాక. రెండు కాళ్లకూ తియ్యాలె. ఏది పెద్దగుంటె షూ దానికే.

షూ నాలుక మీద లేబుల్ ఉంటది. యూకే, యూఎస్ నంబర్ల పక్కన సెంటీమీటర్ల అంకె ఉంటది, అది పట్టే పాదం పొడవు, షూ లోపలి పొడవు కాదు. దాన్ని నమ్ముండ్రి. నంబర్ కంపెనీకో తీరుంటది. యోనెక్స్‌ల కొన్ని మోడళ్లకు వైడ్ అని విడిగ వస్తది. విక్టర్‌ల యూ షేప్ అన్నది వెడల్పు, వీ షేప్ దానికంటె ఇరుకు. లేడీస్‌ది దొరకలేదని రంధి పెట్టుకోకుండ్రి. చానా మోడళ్లు ఆడ మగ ఇద్దరికీ ఒకటే అచ్చు. లేడీస్ అని విడిగ వచ్చేటియి సన్నగ ఉంటయి, మీ పాదానికి అసలే వద్దు.

షాపుకు పోయినంక ముందుగాల అట్ట బయటకు తీసి నేల మీద పెట్టి ఎక్కి నిలబడుండ్రి. పాదం పక్కలు అట్ట దాటి పోతె ఆ షూ అక్కడనే పెట్టెయ్యాలె, కాలుకు ఎక్కియ్యనవసరం లేదు. సరిపోతె లేసులు గట్టిగ కట్టి నెట్ కాడికి సాగినట్టు షాపులనే కుడికాలు ముందుకు ఎయ్యాలె. మడమ లేవొద్దు, వేలు తాకొద్దు. వేలి ముందు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాక జాగ చాలు. షాపోడు ఎగాదిగ చూస్తడు. చూడనీ, పైసలు మీయి.

పన్నెండు వేల సంగతి. ధర పెరిగితె బరువు తగ్గుతది, కుషన్ మంచిగుంటది, అది నిజమే. కాని వెడల్పు పట్టని పన్నెండు వేల షూ కంటె పట్టిన నాలుగు వేల షూ నయం. తిప్పలేందంటె వైడ్ ఎక్కువగ పై మోడళ్లకే వస్తది. దొరికిందాన్ని బట్టి చూడాలె.

అప్పటిదాక పైసా ఖర్చు లేని పని ఒకటి చెప్త. లేసు పోయే చివరి రంధ్రాలు ఖాళీగ ఉంటయి గద. ఏ పక్క లేసును ఆ పక్క చివరి రంధ్రంలకే దూర్చి చిన్న ఉచ్చు చెయ్యండ్రి. ఎడమ లేసు కుడి ఉచ్చులకెళ్లి, కుడిది ఎడమ ఉచ్చులకెళ్లి తీసి, కిందికి గుంజి ముడి ఎయ్యండ్రి. మడమ వెనకకు పట్టి ఉంటది, జారుడు తగ్గుతది.

బాబాయ్ గారూ, మిమ్మల్ని కాపాడింది కాన్వాసు కాదు, మట్టి. మట్టి మీద కాలు బెత్తెడు జారి ఆగుతది. సిమెంటు మీద మ్యాటు ఏస్తె షూ కింది రబ్బరు గమ్ సోలు పట్టుకుంటది, ఆ ఆగుడంత మడమే మోయాలె. రన్నింగ్ షూ గూడ అంతే. ముందుకు ఉరుకుడుకు చేసింది అది. మడమ కింద ఎత్తుంటది, పక్కకు దూకితె ఒరిగిపోతది.

ఫిజియో, విశాఖ

హన్మకొండ అన్న చెప్పినదాన్లో షూ గురించి నేను కొత్తగా చేర్చేది ఏమీ లేదు. నేనూ ఆడతాను, నా దగ్గరకి వచ్చేవాళ్లలో సగం మంది షటిల్ వాళ్లే. మడమ గురించి చెబుతాను.

టీచర్ గారూ, 'ఎముక పెరిగింది' అన్న మాట విని భయపడకండి. ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లో కూడా కొక్కెంలా పెరిగిన ఆ ఎముక కనిపిస్తుంది. మీరు చెప్పిన లక్షణాలు, అంటే పొద్దున మొదటి అడుగు, ఎక్కువసేపు నిలబడితే తిరగబెట్టడం, ప్లాంటార్ ఫేషియైటిస్‌వి. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. అది మడమ దగ్గర అతుక్కున్న చోట దెబ్బతింటోంది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కానీ వారాల్లో కాదు, నెలల్లో. ఆ మాట ముందే చెప్పకపోతే పదిహేను రోజులకి విసిగిపోయి వ్యాయామం మానేస్తారు.

మంచం దిగకముందే కుడికాలు ఎడమ తొడ మీద వేసుకుని, వేళ్లన్నీ చేత్తో పట్టి మీ వైపు లాగండి. అరికాల్లో పట్టీ బిగుసుకున్నట్టు వేలికి తగులుతుంది. పది సెకన్లు పట్టి వదలండి, అలా పదిసార్లు. ఆ తర్వాతే నేల మీద కాలు పెట్టండి. రెండోది, రోజు విడిచి రోజు, మెట్టు అంచున నిలబడి వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మూడు సెకన్లలో మడమలు పైకి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో కిందికి. మొదట రెండు కాళ్లతో, అలవాటయ్యాక ఒక కాలితో. దీనికి అలసట వస్తుంది, రావాలి కూడా.

ఇంకో మాట, ఆడవాళ్లతో తప్పకుండా చెబుతాను. మనింట్లో అందరం వట్టి కాళ్లతో గ్రానైట్ మీద, టైల్స్ మీద తిరుగుతాం. పొయ్యి దగ్గర నిలబడ్డ గంటన్నర కోర్టులో ఆడిన గంట కన్నా మీ మడమకి ఎక్కువ పని పెట్టొచ్చు. వంటింట్లోకి విడిగా ఒక మెత్తని జత పెట్టుకోండి. బయట చెప్పులు కాదు కాబట్టి పెద్దవాళ్లు కూడా ఏమీ అనరు. బడిలో పల్చటి చెప్పులకి బదులు మడమ కింద కాస్త మందం ఉన్నవి. కాన్పుల తర్వాత పాదం కొంచెం సాగడం, వెడల్పవడం మామూలే, పెళ్లినాటి సైజు ఇప్పుడు పట్టుకుని కూర్చోకండి.

వేళ్ల మధ్య మంట వెడల్పు షూతో తగ్గితే నరం నొక్కుకుపోవడం వల్లే అనుకోవచ్చు. తగ్గకపోయినా, రెండు పాదాల్లో మంట, మొద్దుబారడం ఉన్నా ముందు షుగర్ పరీక్ష చేయించండి.

ఒక్కదానికి మాత్రం ఆట ఆపి తీరాలి. పాదం మీద ఎముకని వేలితో నొక్కితే ఒకే చోట కలుక్కుమనడం, ఆడేకొద్దీ పెరగడం, ఒంటికాలి మీద గెంతలేకపోవడం. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి చీలిక) కావచ్చు, మొదటి వారాల్లో ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు కూడా. మన సింధుకి 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచే రోజుల్లోనే ఎడమ చీలమండ దగ్గర వచ్చింది అదే. అదే నెల టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుంది. మళ్లీ 2023 జనవరిలో మలేసియా ఓపెన్‌కి గానీ దిగలేదు. అంతటి ఆటగత్తె, చుట్టూ అంతమంది నిపుణులుండి కూడా నాలుగు నెలలకి పైగా ఆగింది. 'పట్టీ కట్టుకుని ఆడేస్తానండి' అనేవాళ్లకి నేను ఈ సంగతే చెబుతుంటాను. మీ లక్షణాలు అలా లేవు. ఆట పూర్తిగా మానక్కర్లేదు, కొన్నాళ్లు వరసగా రోజూ కాకుండా రోజు మార్చి రోజు ఆడండి.

జెల్ ప్యాడ్ చెడ్డది కాదు, కానీ వదులు షూలో పెడితే మడమ ఇంకా పైకి లేచి జారుతుంది. షూ మారాక చూడండి. మడమలో ఇంజెక్షన్ చేయించుకోమంటే మాత్రం ఒకటికి రెండుసార్లు అడగండి. పదేపదే చేయించుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం ఉంది.

లెక్కల టీచర్, రాజమండ్రి

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ దణ్ణాలండి. కొలిచాను. కుడి పాదం పొడవు 243 మిల్లీమీటర్లు, వెడల్పు 101. ఎడమ 240, వెడల్పు 99. ఇప్పుడున్న షూ నాలుక మీద 26 అని ఉంది. అంటే పొడవులో 17 మిల్లీమీటర్లు ఎక్కువ! అట్ట తీసి చూస్తే అన్న చెప్పినట్టే, కుడిదాంట్లో బొటనవేలి గుంత చివరంటా సాగి ఉంది, ఎడమదాంట్లో గుండ్రంగా ఉంది. ఆరో తరగతి పిల్లలకి కొలతల పాఠం నడుస్తోంది. రేపు వాళ్ల పాదాలే కొలిపిస్తాను.

లేసులు ఆ ఉచ్చు పద్ధతిలో కట్టి ఆడాను. గోరు మీద దెబ్బ తగ్గినట్టే ఉంది. వేళ్ల మధ్య మంట అలాగే ఉంది, పక్కలు ఇంకా కాస్త బిగుసుకున్నట్టనిపించింది. మడమ సంగతి ఇప్పుడే చెప్పలేను. షుగర్ ఈమధ్యే చూపించుకున్నాను, లేదు.

వంటింటి చెప్పులకి మా అత్తగారు 'ఏమిటే ఈ కొత్త' అన్నారు గానీ, మర్నాటికి తనకీ ఒక జత కావాలన్నారు.

రెండు సందేహాలు. ఒకటి, 24.5 తీసుకోవాలా, 25 తీసుకోవాలా? రెండు, రాజమండ్రిలో వైడ్ ఎక్కడా లేదు. విజయవాడ వెళ్లే పని ఇప్పట్లో లేదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కాలికి పట్టకపోతే ఏం చేయాలి?

గట్టింగ్ అన్న, హన్మకొండ

లేసు పైన గుంజి కట్టిన్రు, కింద గూడ అంతే గట్టిగ కట్టిన్రు, అందుకే మంట. వేళ్ల కాడి మొదటి రెండు వరసలు వదులుగ పెట్టుండ్రి, బిగువంత పైన చీలమండ కాడ ఉండాలె.

సైజుకు రెండూ తెప్పించుండ్రి, ఒకటి వాపస్ పంపుండ్రి. మీ కొలతకు 24.5 వైడ్ సరిపోవచ్చు, కాని సాక్సులు మందంగ ఏస్తె 25. కుడికాలు ఏది ఒప్పుకుంటె అదే, ఎడమకాలుకు కొంచెం వదులైతె లేసుతోని సర్దుకోవచ్చు.

డబ్బా వచ్చినంక నేల మీద దుప్పటి పరిచి, దాని మీదనే ఏస్కొని చూడాలె. గమ్ సోలుకు దుమ్ము ఊకెనే అంటుతది, మరక కనబడితె వాపస్ తీస్కోరు. లేబుల్ తెంపకుండ్రి, డబ్బా పారెయ్యకుండ్రి. సాయంత్రం బడికెళ్లి వచ్చినంక చూడుండ్రి, పొద్దున కాదు. అట్ట మీద నిలబడే పరీక్ష మర్వకుండ్రి.

షూ ఖాయమైనంక దాన్ని కోర్టుకే ఏస్కోవాలె, ఇంటికాడికెళ్లి ఏస్కొని స్కూటీ మీద పోవద్దు. సంచిల పట్టుకపోయి అక్కడ మార్చుకోండ్రి. మొదటి నాలుగైదు రోజులు సగం ఆట కొత్తదాంతోని, సగం పాతదాంతోని. సోలు కింద ఇంకా గమ్ మిగిలే ఉంటది గని లోపలి కుషన్ అంతకంటె ముందే సచ్చిపోతది, అది గూడ యాది పెట్టుకోండ్రి. బొటనవేలుతోని అదిమితె తిరిగి లేవకపోతె మార్చే టైం వచ్చినట్టు.

లెక్కల టీచర్, రాజమండ్రి

రెండు సైజులూ ఆర్డరు పెట్టానండి. మా బ్యాచ్‌లో ఆ పన్నెండు వేల షూ ఆవిడ పాదం కూడా నిన్న కొలిచాం, ఆవిడది కూడా ఒక సైజు ఎక్కువే. ఆవిడకి గోరు నల్లబడలేదు, ఎందుకో?

గట్టింగ్ అన్న, హన్మకొండ

ఆమె నెట్ కాడికి వస్తదా, వెనకనే ఉంటదా?

లెక్కల టీచర్, రాజమండ్రి

వెనకే ఉంటుందండి. ముందువన్నీ నన్నే తీయమంటుంది!